నల్లబండ పెట్టిన రొట్టె

మా నాయన పోయిన మూడో రోజు పాత స్నేహితుడొకడు ఫోన్ చేసి "అమ్మ ఎట్లా ఉంది?" అని అడిగాడు. "ఏమీ తినడం లేదు. ఎంత చెప్పినా ముద్ద నోట్లో పెట్టుకోవడం లేదు" అన్నాను. ఆ మాట బయటికి వచ్చిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది. ఇవే మాటలు నేను ఇదివరకే ఒకరికి చెప్పి ఉన్నాను. ఇరవై ఏళ్ల కిందట అనంతపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో, మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కూడబలుక్కుంటూ టైపు చేశాను. ఆ వేళకు మా అమ్మ ఇంట్లో పొయ్యి ముందు నిక్షేపంగా ఉంది. మా నాయన చేలో రాళ్లు ఏరుతున్నాడు. ఫోన్ పక్కన పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. వసారాలో కూర్చున్న బంధువులు నేను నాయన కోసం ఏడుస్తున్నానని అనుకుని ఉంటారు. సగం అందుకే. మిగతా సగం సిగ్గు. కన్నతండ్రి చనిపోయినప్పుడు మనిషికి దుఃఖం ఒక్కటే ఉండాలి. నాకు ఆ భాగ్యం లేకపోయింది, ఎందుకంటే ఆయన్ని నేను అంతకుముందే ఒకసారి చంపాను.

మా ఊరు రాప్తాడు దగ్గర. రోడ్డు మీద బస్సు దిగి అరగంట నడవాలి. నేను డిగ్రీ చదివే ఆ రెండు మూడేళ్లూ వాన సరిగా పడలేదు. పడినప్పుడు కూడా విత్తనం వేసే అదనులో పడక, వేసిన విత్తనం ఎండిపోయాక పడేది. వేరుశనగను మేము బుడ్డలు అంటాం. ఆ బుడ్డలే మాకు పంట, అవే చట్నీ, అవే నూనె, కాయలు తెంపాక మిగిలే కట్టె పశువులకు మేత. పండిన ఏడాది ఇల్లంతా పచ్చికాయల మట్టివాసన ఉండేది. ఆ రెండు మూడేళ్లూ ఆ వాసన లేదు. విత్తనానికని దాచిన రెండు గోతాలు మాత్రం అటక మీద ఉండేవి. ఎలుకలు పడతాయని నాయన పడుకునే ముందు ఒకసారి నిచ్చెనెక్కి వాటిని చేత్తో తడిమి వచ్చేవాడు. మా ఇంట్లో ఆకలి ఉందని చెప్పలేను. అమ్మ రెండు పూటలా సంగటి కెలికేది. కుండలో ఉడికే నూకల్లో రాగిపిండి పోసి, కుండను రెండు పాదాల మధ్య ఇరికించుకుని తెడ్డుతో కెలుకుతుంటే ఆమె ముంజేతి నరాలు పైకి తేలేవి. ముద్ద మీద రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టి ఇచ్చేది. నాయన తిన్నాక పళ్లెంలో నీళ్లు పోసి, వేలితో అంచులన్నీ తుడిచి, ఆ నీళ్లు తాగేవాడు. నాకు అది చూడటానికి నామోషీగా ఉండేది. పట్నంలో చదువుతున్నాను గదా.

రోజూ కాలేజీ వదిలాక నేను ఇంటికి రాకుండా క్లాక్ టవర్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేవాణ్ణి. నా ఇంగ్లీషు అంతంతమాత్రమైనా టైపు వేగంగా వచ్చేది. వచ్చినవాళ్లకు బయోడేటాలు, దరఖాస్తులు నేను కొట్టిపెడితే, మనుషులు లేనప్పుడు మూలనున్న కంప్యూటర్ నాకు వదిలేటట్టు ఓనరుతో ఒప్పందం. అక్కడే ఆ ఆట పట్టుకుంది నన్ను. దాని పేరు ఇప్పుడు చెప్పినా ఎవరికీ తెలియదు, అది ఎప్పుడో మూతపడింది. పెద్ద బొమ్మలేమీ లేవు. పైనుంచి చూసినట్టు కనిపించే ఒక ఊరు, అడవి, ఏరు. అందులో అగ్గిపుల్లంత మనుషులు. ఒక్కొక్క అగ్గిపుల్ల వెనక ఏదో దేశంలో ఒక నిజమైన మనిషి కూర్చుని ఉన్నాడన్న సంగతే నాకు వింత. కొత్తగా చేరినవాడికి ఒక చెక్కకత్తి, ఒక రొట్టె, రెండు ఎర్రమందు సీసాలు ఇచ్చి ఊరి బయట బావి దగ్గర వదిలేసేవాళ్లు. రొట్టె తినకపోతే మనిషి నీరసించి నడవలేడు. దెబ్బ తగిలినప్పుడు ఎర్రమందు తాగకపోతే చస్తాడు. చస్తే చేతిలో ఉన్నవన్నీ పోయి, మళ్లీ ఆ బావి దగ్గరే ఉత్త చేతులతో లేస్తాడు. మొదటి రోజు నేను నాలుగుసార్లు చచ్చాను. రెండుసార్లు ఎలుక కరిచి, ఒకసారి పాము కరిచి, ఒకసారి ఆకలికి.

బావి దగ్గర నాలాంటి కొత్తవాళ్లు గుంపుగా ఉండేవాళ్లు. అడవికి పోయివచ్చే పాత ఆటగాళ్లను చుట్టుముట్టి రొట్టె అడిగేవాళ్లు. నేనూ అడిగాను. ఎక్కువమంది పట్టించుకోకుండా దాటిపోయేవాళ్లు. ఒకడు మాత్రం ఆగాడు. అతని తల మీద ఇంగ్లీషు అక్షరాల్లో 'నల్లబండ' అని ఉంది. నేను ఉలిక్కిపడి, వచ్చీరాని ఇంగ్లీషు వదిలేసి, "అన్నా, మీరు తెలుగోళ్లా?" అని కొట్టాను.

"తాడిపత్రి" అని వచ్చింది జవాబు. "నువ్వు యాడ?"

"అనంతపురం."

"ఓరి నీ! పక్కనే ఉండి ఇంత దూరం వచ్చి కలిస్తిమి గదప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటకు నేను కంప్యూటర్ ముందు గట్టిగా నవ్వితే పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు.

నల్లబండ ఆ రోజు నాకు ఒక రొట్టె ఇచ్చి, ఇంకో రొట్టె ఎట్లా సంపాదించాలో నేర్పించాడు. మర దగ్గర పిండిమూటలు పది మోస్తే రొట్టెల ముసలామె రెండు రొట్టెలు ఇస్తుంది. ఏటి గట్టున ఎర్రాకు దొరుకుతుంది, ఏడు ఆకులు ఏరి మందుల వైద్యుడికిస్తే ఒక సీసా ఇస్తాడు. ఎలుకను చంపితే వచ్చే మాంసాన్ని పచ్చిగా తినకూడదు, పుల్లలేరి మంట వేసి కాల్చాలి. ఇవన్నీ ఓపిగ్గా చెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఏటి దాకా వచ్చాడు. పాము వస్తే తాను ముందు నిలబడి కొట్టాడు. ఆటలో ఆయన పెద్ద వంటవాడు. నిజ జీవితంలో ఏం చేస్తాడని అడిగితే, "బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద ఉండా. మా ఓనరు కొడుకు కంప్యూటర్ కొని వదిలేసి పోయినాడు. డ్యూటీ దిగినాక దాని ముందర కూచుంటా" అన్నాడు.

నేర్పిన పని నేను నాలుగు రోజులు చేశాను. మూటలు మోయడమంటే ఏమీ లేదు, ఇక్కడ నొక్కి అక్కడ నొక్కాలి, అంతే. కానీ పదిసార్లు నొక్కాలి. ఎర్రాకు కోసం గట్టంతా తిరగాలి, నాకన్నా ముందు ఎవడో కోసుకుపోయి ఉంటాడు. మా నాయన చేలో వంచిన నడుము ఎత్తకుండా పనిచేస్తుంటే ఏనాడూ చెయ్యి వేయని నాకు, ఆ ఉత్తుత్తి పని కూడా బరువైంది. ఐదో రోజు మళ్లీ నల్లబండనే అడిగాను.

"మొన్న గదప్పా ఇస్తి. పని చేసుకో. చేసుకుంటేనే ఆట వస్తాది" అన్నాడు.

అందులో తప్పేమీ లేదు. కానీ నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ పౌరుషంతో పని చేసి ఉంటే బాగుండేది. నా వేళ్లు మాత్రం తెర మీద ఇట్లా కొట్టాయి: "మనసు బాలేదన్నా. మా నాయన పోయినాడు."

ఎందుకు కొట్టానో ఈ రోజుకూ నాకు తెలియదు. తర్వాత నా సంచిలో ఒకదాని వెంట ఒకటి రొట్టెలు పడటం మొదలైంది. పది రొట్టెలు, ఐదు ఎర్రమందు సీసాలు. ఆ తర్వాత ఒక్క మాట: "ఎట్ల పోయినాడు తమ్ముడూ?"

ఇక్కడ ఓబులేసు గురించి చెప్పాలి. మా వెనకింటి ఓబులేసు ఆ ఎండాకాలంలోనే పురుగుల మందు తాగి చనిపోయాడు. వేసిన రెండు బోర్లలోనూ దుమ్మే లేచింది. ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయినవాళ్లలో మా నాయన ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఆయన భార్య మా అమ్మను పట్టుకుని ఎట్లా ఏడ్చిందో విన్నాను. ఎన్ని రోజులు అన్నం ముట్టలేదో నాకు తెలుసు. ఎందుకంటే ఆమెకు సంగటి తీసుకుపోయి, అట్లే వెనక్కి తెచ్చింది మా అమ్మ. ఆ ఇంటి దుఃఖమంతా తీసుకొచ్చి, పేరు మార్చి, మా నాయనకు తగిలించాను. బోర్లు చెప్పాను, మందు చెప్పాను, ఆటో చెప్పాను. "అమ్మ ఏమీ తినడం లేదన్నా" అని చెప్పాను. అన్నీ నిజంగా జరిగినవే కాబట్టి అబద్ధంలా లేవు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా నాయన గడప పక్కన బండ మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. "ఏం నాగా, ఈ పొద్దు ఏం చెప్పినార్రా కాలేజీలో?" అని అడిగాడు. రోజూ అడిగే మాటే. చెంబులోంచి కొంచెం కొంచెంగా నీళ్లు పోసుకుంటూ, ఆ పోసిన నీళ్లు బీరపాదులోకి పోయేటట్టు చూసుకుంటున్నాడు. ఆయన మెడ మీద వెంట్రుకలు, చెవి వెనక మట్టి, పగిలిన మడమలు అన్నీ నాకు ఆ రోజు విడివిడిగా కనిపించాయి. లోపలికి పోయాను.

మర్నాటి నుంచి నాకు ఆటలో కొదవ లేదు. నల్లబండ రోజూ అడిగేవాడు. "అమ్మ తినిందా?" లేదనేవాణ్ణి. "నువ్వు తింటివా?" ఏదో తిన్నానన్నా అనేవాణ్ణి. అవతల ఆయన నిట్టూర్చినట్టు నాకు అనిపించేది. సంచి నిండేది. ఒకసారి ఆయన తన కోసం దాచుకున్న, నెల కష్టపడితే గాని రాని బంగారురంగు మందు కూడా ఇచ్చేశాడు. నేను ఎంత దిగజారానో పూర్తిగా చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి: ఆ రొట్టెలు బావి దగ్గరికి తీసుకుపోయి కొత్తవాళ్లకు పంచేవాణ్ణి. వాళ్లు ఏవేవో భాషల్లో దండాలు పెడుతుంటే నాకు ఛాతీ పొంగేది. దాత అని పేరు కూడా పడింది. ఒక రోజు నల్లబండ "ఏ ఊరు తమ్ముడూ మీది?" అని అడిగాడు. తాడిపత్రి నుంచి మా ఊరికి ఎవరు వస్తారులే అనుకుని ఊరి పేరు, నా అసలు పేరు చెప్పేశాను.

ఆయన వచ్చాడు.

ఆదివారం. ఊళ్లో బోరు ఎండిపోతే పక్క ఊరి తోటలో నుంచి నీళ్లు తెచ్చుకునేవాళ్లం. సైకిలు వెనక రెండు వైపులా రెండు, ముందు ఒకటి ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని నేను ఎండలో తోసుకుంటూ వచ్చాను. మా ఇంటి ముందర వేపచెట్టు నీడలో నులకమంచం మీద ఎవరో కొత్త మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి. తెల్లచొక్కా. గోళ్ల సందుల్లో, కనుబొమ్మల వెంట్రుకల్లో బూడిదరంగు రాతిదుమ్ము. ఎంత కడిగినా పోని దుమ్ము. పక్కన ఒక బియ్యం మూట, గుడ్డసంచిలో బ్రెడ్డు ప్యాకెట్లు, కందిబేడలు. ఎదురుగా మా నాయన నేల మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"వచ్చినాడు చూడప్పా మావోడు" అన్నాడు నాయన.

ఆ మనిషి నా వైపు చూశాడు. "నాగరాజు నువ్వేనా? నేను ఖాజాను. నల్లబండను" అన్నాడు.

సైకిలు ఒరిగిపోయి ముందు బిందె దొర్లింది. అమ్మ పరుగున వచ్చి బిందెను పట్టుకుంది గానీ సగం నీళ్లు మట్టిపాలయ్యాయి. ఎప్పుడైనా చెంబెడు నీళ్లు పారబోస్తే ఇంతెత్తున లేచే నాయన ఆ పొద్దు ఒక్క మాట అనలేదు. "పోనీలే. ఎండకు వచ్చినాడు. కూచోరా" అన్నాడు. నల్లబండ అంటే ఏం పేరప్పా అని అడిగి నవ్వాడు. బండలు ఎట్లా కోస్తారు, పాలిష్ చేస్తే ముఖం కనపడతుందంట నిజమేనా, ఆ బురదనీళ్లు యాడ పోస్తారు అని ఏవేవో అడిగాడు. మా నాయన అంత మాట్లాడే మనిషి కాదు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడి, ఇప్పుడు బయటపడుతుంది, ఇప్పుడు బయటపడుతుంది అని ఒక్కొక్క మాటకూ చస్తున్నాను. ఖాజా అన్నీ మర్యాదగా చెబుతున్నాడు. "మీవోడు కంప్యూటరు సెంటర్లో నాకు బాగా తెలుసు పెద్దాయనా. ఈ పక్కకు పనుండి వచ్చినా, చూసిపోదామని" అన్నాడు.

"ఈ బియ్యమేందప్పా మరి?" అంది అమ్మ.

"మా ఇంట్లో మొక్కుబడి ఉండాదమ్మా. కాదనద్దు."

అమ్మ సంగటి పెట్టింది. ఉలవచారు, ఊరిబిండి, ఆ పొద్దు ప్రత్యేకంగా ఒక గుడ్డు. ఖాజా నేల మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని మాతో కలిసి తిన్నాడు. "తినురా, ఏం ముద్దను చూస్తా కూచుంటివి" అని నాయన తన పళ్లెంలోని ఊరిబిండి సగం తీసి నా పళ్లెంలో వేశాడు. ఖాజా తల వంచుకుని తిన్నాడు.

పోయేటప్పుడు నాయన నిచ్చెనెక్కి అటక మీది గోతం దించాడు. అమ్మ ఆయన ముఖం వైపు చూసింది. విత్తనం బుడ్డలు. అందులోంచి ఒక సంచెడు తీసి మూతి కట్టి ఖాజా చేతికిచ్చాడు. "మా ఇంటికి వచ్చినోడు ఉత్త చేతుల్తో పోగూడదప్పా. పిల్లోళ్లకు వేయించి పెట్టు" అన్నాడు. ఖాజా వద్దు వద్దన్నాడు. నాయన వినలేదు.

రోడ్డు దాకా నేను తోడు పోయాను. కుడిపక్కనంతా దున్ని వదిలేసిన బీళ్లు. గాలికి ఎర్రదుమ్ము లేస్తూ ఉంది. సగం దారిలో ఖాజా నిలబడి సంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"మా నాయన నిజంగానే పోయినాడు తమ్ముడూ" అన్నాడు. "గనిలో బండ జారి మీద పడె. నాకు పదేండ్లు. అమ్మ తినక తినక పడిపోతే పక్కింటోళ్లు గంజి తాపినారు. నువ్వు అమ్మ తినలేదు తినలేదు అంటాంటే నాకు నిద్ర పట్టేది కాదు. మా ఆడామె అడిగె, ఎవురికోసం ఇంత పడతాండావని. ఆమెకు నేనేం చెప్పేది ఇప్పుడు?"

ఖాజా మళ్లీ నడక సాగించాడు.

"ఉత్త రొట్టె. అడిగింటే ఇయ్యనా? ఇంకా నాలుగు తిట్లు తిట్టి ఇస్తుంటి. దానికి నాయన్ని యాల చంపినావప్పా?"

క్షమించమని అడగాలని నాకు తోచలేదంటే ఎవరూ నమ్మరు. తోచింది, అడగలేదు. బస్సు వచ్చింది. ఆయన ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బుడ్డల సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. మా ఊరి వైపు చూస్తున్నాడు.

ఆ తర్వాత నల్లబండ ఆటలోకి రాలేదు. నేను కూడా ఆ రోజుతో మానేశానని రాస్తే నాకు గౌరవంగా ఉండేది, కానీ మానలేదు. ఆయనిచ్చిన రొట్టెలు, సీసాలు అయిపోయేదాకా, ఇంకో రెండు వారాలు ఆడాను. అయిపోయాక మర దగ్గర మూటలు మోయబుద్ధి కాక మానేశాను. మా ఇంట్లో ఆ ఏడు విత్తనం చాలక ఒక చెలక బీడు పెట్టారు. చదువైంది, ఉద్యోగం వచ్చింది, పాఠాలు చెప్పుకుంటూ కథలు రాసుకుంటూ బతికాను. ఎవరెవరి కష్టాలో రాసి మంచి పేరే తెచ్చుకున్నాను. తాడిపత్రి మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. పాలిష్ షెడ్ల ముందు తెల్లటి బురద, ఎండలో నిలబెట్టిన బండలు కనిపించగానే కిటికీ అవతలి వైపుకు తిరిగేవాణ్ణి. ఒక్కసారి దిగి, ఖాజా అనే మనిషి ఎవరికైనా తెలుసా అని అడిగితే పోయేది. అడగలేదు. ఇప్పుడు మా అమ్మాయి తన ఫోన్లో ఇట్లాంటి ఆటలే ఆడుతుంది. ఆకలైతే నొక్కితే రొట్టె, దెబ్బ తగిలితే నొక్కితే మందు. ఎవర్నీ అడిగే పని లేదు, ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. నల్లబండ లాంటివాడు దానికి ఎదురుపడే వీలూ లేదు. దానికి జాలిపడాలో, సంతోషించాలో నాకు తేలదు.

నాయన కర్మకాండ అయిపోయిన మర్నాడు, చుట్టాలంతా వెళ్లిపోయాక, అనంతపురంలో మా ఇంటి వంటగదిలో అమ్మ నేల మీద కూర్చుని మిగిలిన కందిబేడలు చెరుగుతూ ఉంది. పదేళ్లుగా వాళ్లిద్దరూ మా దగ్గరే ఉన్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాను. అప్పటికి ఆమె కొంచెం తింటూ ఉంది. ఏవో పాత మాటలు వచ్చాయి. ఉన్నట్టుండి, "ఆ తాడిపత్రి సాయిబు యాడుండాడో. మీ నాయన పోయింది తెలిస్తే వచ్చునేమో" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆ పొద్దు నువ్వు నీళ్లకు పోయింటివి. ఆయప్ప వచ్చి గడప ముందర మూట దించి, మీ నాయన్నే పట్టుకుని, 'అన్నా, నాగరాజు వాళ్ల నాయన పోయినాడంట గదా, వాళ్లమ్మ యాడుండాది' అని అడిగె. నేను లోపల్నించి విని కొయ్యబారిపోతి. మీ నాయన తాడు పేనేది నిలిపి, 'నేనేప్పా వాళ్ల నాయన్ను. కూచో' అనె. పాపం ఆ సాయిబుకు కండ్లల్లో నీళ్లు తిరిగె. లేసి పోతానంటే మీ నాయనే చెయ్యి పట్టుకుని కూచోబెట్టె. 'ఏమడిగినాడప్పా నిన్ను మావోడు?' అంటే, ఆయప్ప ఏందో కంప్యూటరు అనె, ఆట అనె. మాకేం తెలుస్తాది? రొట్టె అడిగినాడు అన్న మాట ఒగటి తెలిసె."

అమ్మ చాట కింద పెట్టింది.

"మీ నాయనేమో, 'పట్నంలో పిల్లోనికి ఆకలైతాండాది. నాకు చెప్పలేక, పరాయోళ్ల దగ్గర చెయ్యి చాపినాడు' అనె. 'నాకు తెలిసిందని వానికి చెప్పద్దప్పా, సిగ్గుతో సస్తాడు' అని ఆయప్పతో ఒట్టు వేయించుకునె. నాతోనూ వేయించుకునె. మర్నాటి నుంచి నీకు సద్ది కట్టమని పొద్దన్నే లేపేటోడు, మతికుండాదా?"

గుర్తుంది. స్టీలు డబ్బాలో రెండు ముద్దలు, ఊరిబిండి, ఒక్కోసారి ఉల్లిగడ్డ. సంగటి డబ్బా తీసుకుని కాలేజీకి పోవడం నాకు నామోషీ. క్లాసులో తెరవలేక, మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటర్ వెనక సందులోకి పోయి కుక్కలకు విదిలించి, డబ్బా కొళాయి కింద కడుక్కుని తెచ్చేవాణ్ణి. డబ్బా ఖాళీగా రావడం చూసి నాయన తృప్తిగా తల ఊపేవాడు.

"ఇంట్లో పిండి తక్కువ. నీ డబ్బాలోకని ఆయన ఒగ పూట మజ్జిగ తాగి పండుకునేటోడు. ఇప్పుడు చెప్తే ఏముందిలే, ఒట్టు తీరిపాయ" అంది అమ్మ.

నేను ఏమీ దాచలేదు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని ఆమెకు మొత్తం చెప్పాను. ఆట అంటే ఏమిటో, బావి ఎట్లా ఉండేదో, రొట్టె ఎందుకు కావాల్సి వచ్చిందో, ఓబులేసు చావును నేను ఏం చేశానో, కుక్కలకు ఏం పెట్టానో. నేను రాసేవాణ్ణి, మాటలు వెతుక్కునే పని లేనివాణ్ణి. అయినా ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగిపోతూ చెప్పాను. అమ్మ అంతా విన్నాక, అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు నా ముఖంలోకి చూసి ఒకటే అడిగింది.

"అయితే ఆ రొట్టె నిజంగా తినేది కాదా?"

"కాదమ్మా."

"ఆ పొద్దు నీకు ఆకలి కాలేదా?"

"లేదమ్మా."

అమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. రెండుసార్లు చెరిగి ఆపింది.

"మీ నాయనకు తెలియకపోయిందే మేలాయెలే" అంది. "ఆకలికి అనుకున్నాడు గాబట్టి ఓర్చుకునె."